ఎటు చూసినా మరదళ్లే

నలభై దాటాక నాకు చదువు మీద ప్రేమ పుట్టింది. పదహారేళ్లప్పుడు పుట్టాల్సింది అప్పుడు పుట్టింది కాబట్టి ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. వికారాబాద్‌లో ఒక బడిలో సాంఘికశాస్త్రం చెప్పుకుంటూ నా మానాన నేనుండేదాన్ని. ఒకరోజు దూరవిద్యలో మానవశాస్త్రం ఎం.ఏ.కి ఫీజు కట్టి వచ్చాను. "దూరవిద్య అంటె ఏందనుకున్నవ్? విద్య దూరం ఉంటది, మనం ఈడ ఉంటం" అన్నాడు మా ఆయన.

మొదటి పేపరు మానవశాస్త్రానికి, పురావస్తుశాస్త్రానికి కలిపి పరిచయం. అందులో నాకు బాగా నచ్చింది పొరల పాఠం. అడుగున ఉన్నది పాతది, పైన ఉన్నది కొత్తది, మధ్యలో ఎవరూ కెలకనంతవరకు. ఇంత తేలిక సూత్రం ఉన్న శాస్త్రం నాకోసమే పుట్టిందనిపించింది. మా ఇంట్లో నేలంతా తాండూరు బండలే. పొర మీద పొర పేరుకుని గట్టిపడిన రాయి మీద ఇన్నేళ్లూ కూర్చుని నేను చిక్కుడుకాయలు గిల్లుకుంటున్నానన్న సంగతి అప్పుడు తెలిసింది.

ఆ ఉత్సాహంలో ఒక ఆదివారం మా బీరువాను తవ్వాను. పై పొరలో మొన్నటి పెండ్లికి కట్టిన చీర. దాని కింద మా వాడి చిన్నప్పటి స్వెటర్లు. అట్టడుగున నా పెండ్లినాటి జాకెట్టు. దాన్ని వేసుకుందామని చూశాను. చెయ్యి కూడా దూరలేదు. అది వేరే జాతి మానవులెవరో వాడిన వస్తువని తేల్చాను. మంచం నిండా పరిచిన నా తవ్వకాలను చూసి మా ఆయన గుమ్మంలో నిలబడి అడిగాడు, "తవ్వినవి మల్ల లోపల పెట్టే శాస్త్రం ఏమన్న ఉన్నదా?"

రెండో ఏడు ప్రాజెక్టు చేయాల్సి వచ్చింది. నిజంగా భూమిని తవ్వాలంటే ప్రభుత్వ అనుమతి కావాలన్నారు మా గైడు సారు. మనుషుల్ని తవ్వడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదనుకుని నేను బంధుత్వాల అధ్యయనం ఎంచుకున్నాను. ఒక కుటుంబం దగ్గరకు వెళ్లాలి, వాళ్లతో కలిసి మెలిసి ఉండాలి, ఎవరికి ఎవరు ఏమవుతారో పటం గీయాలి. సారు మరీ మరీ చెప్పిన జాగ్రత్త ఒకటుంది. వాళ్లతో కలవాలి గానీ వాళ్లలో కలిసిపోకూడదు. పప్పులో ఉప్పులా కాదు, పప్పులో గరిటెలా ఉండాలన్నమాట అనుకున్నాను. గరిటె పోలిక నాదే. సారు ఇంకేదో ఇంగ్లిష్ మాట వాడారు.

మా బడిలో అటెండరు ద్వారా తాండూరు అవతల, కర్ణాటక సరిహద్దు దగ్గర ఒక పల్లెలో కురుమల ఇల్లు కుదిరింది. గొర్ల మంద ఉంది, కంది చేను ఉంది, ఒక్కడే కొడుకు ఉన్నాడు, వాడికి పెండ్లి కుదిరింది. పెండ్లి ఉన్న ఇంట్లో బంధుత్వాలన్నీ నడిచి మన ముందుకే వస్తాయి కదా. శనివారం బడి అయిపోగానే రైలెక్కి తాండూరులో దిగి, ఆటోలో ఆ ఊరు చేరాను. చేతిలో ప్రశ్నావళి, భుజానికి సంచి, ముఖాన శాస్త్రవేత్త ముఖం.

ఆ ఇంటి తల్లి వాకిట్లో కందులు చెరుగుతోంది. సరిహద్దు అవతలి నుంచి ఈ ఊరికి కోడలుగా వచ్చిన మనిషి. మాటంతా మన తెలుగే గానీ, కోపం వస్తే కన్నడం వస్తుందని తర్వాత తెలిసింది. నేను ప్రశ్నావళి తెరిచేలోపే ఆమె తెరిచింది.

"మేడం, మీదేవూరు?"

"వికారాబాద్."

"వికారాబాదు అందరిదీ. పుట్టిందేడ?"

"మర్పల్లి దగ్గర."

"ఏమోల్లు?"

"కాపోల్లం."

"పిల్లలు?"

"ఒక్కడే కొడుకు. ఇంటర్ చదువుతుండు."

"ఒక్కడేనా? ఎందుకు?"

ఈ ప్రశ్న నా ప్రశ్నావళిలో లేదు. ఉన్నా నేను ఎవరినీ అడిగి ఉండేదాన్ని కాదు. ఆమె మాత్రం చేట కింద పెట్టి జవాబు కోసం చూసింది. ఏదో నసిగాను. మొత్తానికి నన్ను పొర తర్వాత పొర తీసి, మా అత్తగారి దాకా తవ్విపెట్టింది. తవ్వకం పూర్తయ్యాక, "నాకూ ఒక్కడే" అని మెత్తగా అని మళ్లీ చేట అందుకుంది.

"నన్ను మేడం అనకుండ్రి" అన్నాను.

"మరి ఏమనాలె? వరుస లేకుంట నోట్లకెల్లి మాటెట్ల వస్తది?"

"మీ ఇష్టం."

"ఇష్టమైతె వరుసెందుకైతది?"

అప్పుడే కొడుకు గొర్లకు నీళ్లు పెట్టి వచ్చాడు. ఎర్రటి టీషర్టు, చెవిలో ఇయర్‌ఫోన్, భుజం మీద గొంగడి. నాకు దాహంగా ఉంది. "తమ్మీ, జర నీళ్లియ్యవా" అన్నాను. వికారాబాద్‌లో ఆటో ఆపినా, కూరగాయలు బేరమాడినా నా నోటికి వచ్చే మాటే అది. వాడు "ఆఁ అక్కా" అని లోపలికి పోయాడు.

తల్లి చేట ఆపేసింది. నా వైపు చూసింది, కొడుకు పోయిన వైపు చూసింది, మళ్లీ నా వైపు చూసింది.

"తమ్మి అన్నవు కదనే బిడ్డా" అంది.

ఆ క్షణానే నేను పప్పులో పడ్డాను. పడ్డది గరిటెగా కాదన్న సంగతి మాత్రం తెలుసుకోలేదు.

మర్నాడు ఆదివారం పొద్దున పటం గీయడం మొదలుపెట్టాను. కాగితం మీద గీస్తే వాళ్లు చూడలేరని, వాళ్ల వసారాలో పరిచిన బండల మీదే సుద్దముక్కతో గీశాను. మగవాళ్లకు త్రిభుజం, ఆడవాళ్లకు సున్నా, పెండ్లికి రెండు గీతలు. "ఇదేం ముగ్గు? చుక్కలు లేవు, పువ్వులు లేవు" అని తల్లి మొదట నవ్వింది. అది మీ బావ, ఇది మీ ఆడిబిడ్డ అని చూపించేసరికి కొంగు దోపుకుని పక్కనే కూర్చుంది. తన అన్నకు పెట్టిన త్రిభుజం చిన్నదయిందని చెరిపించి పెద్దది గీయించింది.

పెండ్లికొడుకు మధ్యలో. ఎప్పుడూ మంద వెంటే తిరిగే వాడి తండ్రికి అన్నదమ్ములు లేరు, అక్కచెల్లెండ్లు ముగ్గురు. ముగ్గురికీ ఆడపిల్లలు. గీశాను. తల్లికి అక్కచెల్లెండ్లు లేరు, అన్నలిద్దరు. వాళ్లకూ ఆడపిల్లలు. గీశాను. బండ నిండా సున్నాలే.

పాఠంలో ఒక ముఖ్యమైన సంగతి ఉంది. తండ్రి అన్నదమ్ముల పిల్లలు, తల్లి అక్కచెల్లెండ్ల పిల్లలు మనకు అన్నా చెల్లెళ్లు. మేనత్త పిల్లలు, మేనమామ పిల్లలు బావా మరదళ్లు. ప్రపంచంలో చాలాచోట్ల ఈ తేడా లేదట, అందర్నీ ఒకే గాటన కడతారట. మన పిల్లలకు నడక రాకముందే ఈ తేడా తెలుసు. నాకు మాత్రం దాని పేరు బట్టీ పట్టడానికి వారం పట్టింది.

సుద్దముక్క పట్టుకుని లేచి నిలబడి పైనుంచి చూశాను. పెండ్లికొడుకు చుట్టూ ఎటు చూసినా మరదళ్లే. అక్క అనదగ్గది, చెల్లె అనదగ్గది ఒక్కటీ లేదు.

"తమ్మీ, నీ అదృష్టం పండింది పో" అన్నాను.

వాడు సిగ్గుపడ్డాడు. తల్లి నవ్వలేదు.

"గదే కదా నా పరేషాన్" అంది.

అప్పుడు చెప్పింది. పెండ్లి చేసుకుని కొత్త జంట ఇంటికి వచ్చినప్పుడు గడపలో అడ్డంగా నిలబడాల్సింది ఇంటి ఆడిబిడ్డ. దారి ఆపాలి, పేర్లు చెప్పించాలి, కట్నం అడగాలి. అంతకు ముందు కుమ్మరింటి నుంచి పెండ్లికుండలు, అదే ఐరేని కుండలు, ఎత్తుకు రావడం దగ్గర్నుంచి అన్నింటికీ ఆడిబిడ్డే ముందుండాలి. మరదలు ఆ పని చేయకూడదు, వరుస కాదు. ఇంటిపేరు వాళ్లెవరన్నా ఉంటే వాళ్ల ఆడపిల్ల నిలబడేది. కానీ పెండ్లికొడుకు తాత మందతో పాటు ఒంటరిగా ఇటు వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. ఆ ఇంటిపేరుతో ఈ చుట్టుపక్కల ఇంకో గడప లేదు.

"నా లగ్గమప్పుడు మా ఆడివిల్లలు ముగ్గురు నిలబడ్డరు. ఇద్దరు గడప కాడ, ఒకామె దారబందం పట్టుకోని. దారే ఇయ్యలే. నేను లోపలికొచ్చేసరికి కాళ్లు గుంజినయ్" అంటూ ఆమె ఎక్కడో చూసింది. "నా కోడలు ఎవ్వరాపకుంట అట్లనే సీదా వచ్చేస్తె, ఇంట్ల ఎవ్వరు లేరన్నట్టు కాదా? ఆడివిల్ల లేని ఇల్లని నలుగురంటె వినబుద్ధి కాదు బిడ్డా."

నేను ఓదార్పుగా ఏదో అనబోయాను. ఆమె నా చేతిలో సుద్దముక్క తీసుకుంది. పెండ్లికొడుకు త్రిభుజం పక్కన, నేను వదిలేసిన ఖాళీలో, గాజంత సున్నా చుట్టింది. గీత సరిగ్గా కలవలేదు.

"ఇదెవరు?" అన్నాను.

"నువ్వే. తమ్మి అంటివి కదా."

పరిశోధకురాలు పటంలో ఉండదమ్మా అని చెప్పబోయాను. ఉండకూడదని ఎందుకు చెప్పాలో నాకే సరిగ్గా తెలియలేదు. పైగా ఆమె నన్ను అడగడం లేదు, చెబుతోంది. సరే అన్నాను. ఆ మధ్యాహ్నం ఫోన్లో మా ఆయనకు చెబితే, "నాకు ఇంకో బామ్మర్దా? ఉన్నోల్లు సరిపోలేదా?" అన్నాడు గానీ, పెండ్లికి తాను కూడా వస్తానన్నాడు. పెండ్లి విందులో యాటమాంసం కూర ఉంటుందన్న సంగతి నేను ముందే చెప్పి ఉన్నాను.

అడ్డంకి వేరే చోట నుంచి వచ్చింది. పెండ్లికి ముందు వారం తల్లి పెద్దన్న వచ్చాడు. కులంలో పెద్దమనిషి, తలకు తెల్ల రుమాలు, తెల్ల మీసం, మాట గొర్రెల కత్తెరలా టకటకా పడుతుంది. సంగతి విని నా ఎదురుగానే అన్నాడు.

"కాపోల్ల మేడం మన గడపల నిలబడుడేంది? మనోల్లు ఏమంటరు? ఆల్లోల్లు ఏమంటరు?"

తప్పు మాట అనలేదు. ముఖంలో కూడా ఏ అసహ్యమూ లేదు. ఉన్న లెక్క చెప్పాడంతే. నేను లేచి సంచి సర్దుకోవాలా, కూర్చునే ఉండాలా తేల్చుకోలేక చాయ్ కప్పు రెండుసార్లు ఊదాను. చాయ్ అప్పటికే చల్లారింది.

"సుమ్నిరన్నా!" అంది తల్లి. కన్నడం వచ్చేసింది. నోరు మూసుకోమని అన్నమాట. తర్వాత తెలుగులోకి దిగింది. "ఆమె తమ్మి అన్నది. ఈడు అక్కా అని పల్కిండు. నేను బిడ్డా అన్న. ఇంకేం కావాలె? రక్తం తెచ్చి చూపియ్యాల్నా?"

"చూస్త" అన్నాడు పెద్దన్న. ఒప్పుకున్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు. వెళ్తూ వెళ్తూ నాతో, "మేడం, వస్త" అన్నాడు. ఆ మేడం అన్న మాట నా సంచిలో బండరాయిలా కూర్చుంది.

పెండ్లికి రెండు రోజుల ముందే వెళ్లాను. నేను పరిశీలించాల్సినవి పరిశీలించానని చెప్పుకోలేను. ఐరేని కుండలు కుమ్మరివాళ్ల ఇంటి నుంచి డప్పులతో తెచ్చారు. కుండ మూతి ఎలా ఉంది, అడుగు గుండ్రమా బల్లపరుపా, మీద గీసిన సున్నం గీతలకు అర్థమేమిటి, ఇవన్నీ చూడాలని పురావస్తు పాఠం నాకు నేర్పింది. కుండ పెంకు చూసి తిన్నది ఏమిటో చెప్పగలిగే శాస్త్రం అది. కానీ కుండ నా నెత్తి మీద ఉంది. నెత్తి మీది కుండను పరిశీలించే పద్ధతి ఏ పాఠంలోనూ లేదు. నా మెడ, నడుము, చెమట తప్ప నాకేమీ కనబడలేదు. వెనక నుంచి మేనత్తలు, "పక్కకు వంగకు బిడ్డా, మేడం లెక్క నడవకు, ఆడివిల్ల లెక్క నడువ్" అని కేకలు. రెండింటికీ నడకలో తేడా ఏమిటో ఇప్పటికీ నాకు తెలియదు. దారి పొడుగునా మా ఆయన వీడియో తీశాడు. దాంట్లో నేను పెరుగు దొంగిలించి పారిపోతున్న పిల్లిలా ఉన్నాను.

లగ్గం మోమిన్‌పేట్ వైపు, అమ్మాయివాళ్ల ఊళ్లో అయింది. మధ్యాహ్నం దాటాక కొత్త జంట కారు ఊళ్లోకి వచ్చింది. నేను ముందే వచ్చి గడప దగ్గర నిలబడ్డాను. పక్కనే తల్లి, పళ్లెంలో ఎర్రనీళ్లు పట్టుకుని. నీళ్లు పళ్లెం అంచు దాకా ఉన్నాయి. వాకిలి నిండా జనం. పెద్దన్న వేపచెట్టు కింద రుమాలు సర్దుకుంటూ నిలబడ్డాడు. మనవాళ్లు, వాళ్లవాళ్లు, ఆయన భయపడ్డ అందరూ అక్కడే ఉన్నారు.

జంట గడప దగ్గరికి వచ్చింది. దారబందానికి రెండు చేతులూ అడ్డం పెట్టాను.

"పేరు చెప్తెనే దారి" అన్నాను. గొంతు బడిలో ఐదో పీరియడ్ గొంతు. వాకిట్లో పిల్లలు నిశ్శబ్దమయ్యారు.

వాడు పెండ్లాం పేరు గొణిగాడు. వినబడలేదన్నాను. మళ్లీ అన్నాడు. అమ్మాయి తల దించుకుని మొగుడి పేరు గబుక్కున అనేసింది. మేనత్తలు చప్పట్లు. ఇక పక్కకు తప్పుకుందామని ఒక చెయ్యి దించాను.

"ఆగు బిడ్డా" అంది తల్లి మెల్లగా. "ఇంకోటున్నది. బిడ్డను అడుగు."

నాకు గుర్తొచ్చింది. గడపలో ఆడిబిడ్డ అడగాల్సిన అసలు ప్రశ్న అది. నీకు పుట్టే బిడ్డను నా కొడుక్కిస్తవా అని. అన్న ఇస్తానని మాటివ్వాలి, అప్పుడే దారి. మేనరికం గురించి నేను పదిహేను మార్కుల జవాబు రాసి ఉన్నాను. ఇంటి ఆడపిల్ల పెండ్లి చేసుకుని బయటికి పోయినా ఆమె హక్కు గడపలో నిలబడి ఉంటుందని చెప్పే ఆచారం అది. రాయడం వేరు. ఇన్ని తలల ముందు నోరు తెరిచి అనడం వేరు.

తల్లి ముఖం చూశాను. అది అడగకపోతే నేను గడప దగ్గర నాటకం ఆడిన మేడంని. అడిగితే ఆమె బిడ్డను.

"తమ్మీ, నీకు పుట్టే బిడ్డను నా కొడుక్కిస్తవా?" అన్నాను.

మాట వేళాకోళమే. కానీ కురుమల ఇంటి పిల్ల, కాపుల ఇంటి పిలగాడు అన్నమాట అక్కడ అంతకు ముందెవరూ వేళాకోళానికి కూడా అని ఉండరు. అందరికీ తెలుసు, నాకూ తెలుసు. పెండ్లికొడుకు నోరు తెరిచి, మేనమామ వైపు చూసి, మూశాడు. తల్లి పళ్లెంలో ఎర్రనీళ్లు నా పాదం మీద పడ్డాయి.

అప్పటిదాకా దించిన తల దించినట్టే ఉన్న పెండ్లికూతురు ముసుగులోంచి అంది.

"ముందుగాల ఆ పిలగాడు గొర్లు కాస్తడా లేదా అడుగుండ్రి."

వాకిలంతా పగలబడి నవ్వింది. మేనత్తలు ఒకరి భుజం మీద ఒకరు పడిపోయారు. "వచ్చి రాంగనే అల్లున్ని పరీక్ష పెట్టింది!" అని ఎవరో అరిచారు. "ఇంటర్‌ల గొర్లు లెవ్వా మేడం?" అని ఇంకెవరో. మా ఆయన ఫోన్ పట్టుకుని, "కాస్తడు కాస్తడు, ఇంట్ల ఖాళీగనే ఉన్నడు" అని కొడుకును బహిరంగంగా ఒప్పజెప్పేశాడు. వేపచెట్టు కింద తెల్ల మీసం కదలడం చూశాను. నవ్వుకు అడ్డంగా రుమాలు కొస పెట్టుకున్నాడు గానీ భుజాలు ఊగుతున్నాయి.

"ఇస్తనక్కా" అన్నాడు పెండ్లికొడుకు. "గొర్లు కాస్తెనే."

చేతులు దించాను. తల్లి దిష్టి తీసింది. అమ్మాయి కుడికాలితో బియ్యం చెంబు తన్నింది, కొంచెం ఎక్కువే తన్నింది, చెంబు మా ఆయన చెప్పుల దాకా దొర్లింది. తల్లి కోడలి వెంట లోపలికి పోతూ ఆగి, మోచేత్తో నన్ను పొడిచి, "మస్తు ఆపినవ్" అంది. నా జీవితంలో నాకు వచ్చిన ఏ సర్టిఫికెట్టూ అంత గట్టిగా పొడవలేదు.

తర్వాత ప్రాజెక్టులో, "ఆ సందర్భంలో ఆడిబిడ్డ పాత్రను పరిశోధకురాలే నిర్వహించింది" అని ఒక వాక్యం రాశాను. మా సారు దాని కింద ఎర్రగీత గీసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి, చివరికి పాస్ చేశారు. మా కొడుకు మాత్రం సంగతి తెలిసినప్పటి నుంచి, నన్ను అడగకుండా గొర్లకు మాటెట్ల ఇచ్చిండ్రని తిరుగుతున్నాడు.

పెండ్లి మర్నాడు మా ఆయన పొద్దున్నే పని ఉందని వెళ్లిపోయాడు. నేను సాయంత్రం రైలుకు బయల్దేరాను. తల్లి ఒడిలో బియ్యం పోసి, ఎండుకొబ్బరి కుడకలు పెట్టి, రవికె గుడ్డ పెట్టి, నేను వద్దంటే తిట్టి పంపింది. "వద్దంటదేంది! ఆడివిల్ల ఖాళీ ఒడితోని పోతదా? తెలివి లేదా నీకు?" మీరు అనడం ఎప్పుడు మానేసిందో నేను గమనించనే లేదు. శాస్త్రం నేర్చిన కళ్లు నావి!

ఆటో లేదు. పెద్దన్న మోటార్‌సైకిల్ తీశాడు. తాండూరు స్టేషన్ దాకా దింపుతానన్నాడు. వెనక కూర్చుని ఒడిబియ్యం మూట గుండెకు పట్టుకున్నాను. కంది చేలు, బండల గనులు, తెల్లటి దుమ్ము లేపుకుంటూ పోయే లారీలు. ఊరు దాటాక మంద కనబడింది. బండి ఆపాడు.

"అగో, ఆ నల్లమూతిది చూడు" అన్నాడు. మందలో చివర ఒక గొర్రెపిల్ల తల్లి పొదుగు వెతుక్కుంటోంది. "చెల్లె పొట్టేలు ఇస్త అన్నది నీకు. నేనే వద్దన్న."

అంతేలే అనుకున్నాను. గడపలో నిలబడనిచ్చాడు, అదే చాలు.

"పొట్టేలు ఇస్తె ఏమైతది? కోస్కొని తింటరు, ఒక్క పూటల అయిపోతది" అన్నాడు. "ఆడివిల్లకు ఆడిదే ఇయ్యాలె. మందల్నే ఉంటది. ఈనుతది. దాని పిల్లలు నీయే. చూస్తానికి ఏటేటా రావాలె నువ్వు."

ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం గురించి ఒక పాఠం మొత్తం ఉంది. అందులో ఏదీ నోటికి రాలేదు.

ఆయన బండి స్టార్ట్ చేశాడు. ముందుకు చూస్తూనే, కత్తెర గొంతుతో అడిగాడు.

"రైలు ఎన్ని గంటలకే కోడలా?"

"ఇంక జర టైమున్నది మామా" అన్నాను. "మెల్లగ పోనియ్."